ముందు పరీక్ష ఎక్కడో అడగండి

(ఒక ఆదివారం పొద్దున గ్రంథాలయం హాల్లో చేసిన ప్రసంగం. ఆన్‌లైన్ డిగ్రీలో చేరాలనుకునేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు వచ్చారు. మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం, మైకు పోయిన రెండు నిమిషాలు తప్ప.)

వెనకున్నవాళ్లకి వినబడుతుందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, అది నాకంటే గట్టిగా మాట్లాడుతోంది.

సరే. ముందు నేనే ఒకటి అడుగుతాను. ఈ నెలలో మీలో ఎంతమందికి "మీరు డిగ్రీ కోసం ఎంక్వైరీ చేశారు కదా" అని ఫోన్ వచ్చింది? చేతులెత్తండి. సగం హాలు ఎత్తింది. ఇందులో నిజంగా ఎంక్వైరీ చేసినవాళ్లు? ఆ, నలుగురైదుగురు. మిగతావాళ్లు ఫీజు ఎంతో చూద్దామని ఎక్కడో నంబరు కొట్టి ఉంటారు, అంతే, ఆ సాయంత్రం నుంచి మొదలు. పొద్దున ఒకమ్మాయి, మధ్యాహ్నం ఒకబ్బాయి, రాత్రి తొమ్మిదికి "సార్, ఈరోజుతో స్కాలర్‌షిప్ ఆఖరు". మర్నాడు మళ్లీ చేస్తారు, అదే స్కాలర్‌షిప్, మళ్లీ ఆరోజుతోనే ఆఖరు. (నవ్వులు)

వాళ్లని తిట్టడానికి రాలేదు నేను. ఆ ఫోన్ చేసే పిల్లలూ మన పిల్లలే, నెలకిన్ని అడ్మిషన్లు తేకపోతే వాళ్ల ఉద్యోగం ఉండదు. కానీ ఒక్కటి గమనించారా, వాళ్లు మీకు చెప్పేదంతా చేరడం గురించే. ఫీజు, డిస్కౌంటు, ఈఎంఐ, ల్యాప్‌టాప్, ప్లేస్‌మెంట్. చేరాక ఏం జరుగుతుందో చెప్పరు. అందుకని ఈసారి ఫోన్ వస్తే మీరు ఒక్కటే అడగండి: "పరీక్ష ఎక్కడ రాయాలి, ఎలా పెడతారు, ఫెయిలైతే ఏం చేస్తారు?" అవతల ఎంతసేపు నిశ్శబ్దంగా ఉంటుందో చూడండి. నేను ఇవాళ చెప్పదలచుకున్నది అదే, మిగతాదంతా దాని చుట్టూ తిరిగేదే.

నా గురించి రెండు ముక్కలు. పంతొమ్మిదేళ్లు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పాను. ఆదివారాలు దూరవిద్య స్టడీ సెంటర్లో కాంటాక్ట్ క్లాసులు తీసుకునేవాణ్ని. అక్కడ నా ముందు కూర్చున్నవాళ్లు ఆర్టీసీ కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, హోంగార్డులు, ఇద్దరు పిల్లల తల్లులు. రాత్రి డ్యూటీ దిగి అటునుంచి అటే క్లాసుకి వచ్చి, రెండో వరుసలో కూర్చుని నిద్ర ఆపుకుంటూ డెబిట్ క్రెడిట్ రాసుకున్న మనిషి నాకిప్పటికీ గుర్తు. కాబట్టి కాలేజీకి వెళ్లకుండా చదివే చదువు తక్కువదని నా దగ్గర ఎవరూ అనలేరు. పైగా అది మన గడ్డ మీద మొదలైన చదువు. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో హైదరాబాదులో పెట్టారు, అప్పుడు దాని పేరు ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ, ఇప్పుడు డాక్టర్ బీఆర్ అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని మొదటి వైస్ చాన్సలర్ జి. రాంరెడ్డి గారే తర్వాత 1985లో ఢిల్లీలో జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో పెట్టినప్పుడు దానికీ మొదటి వైస్ చాన్సలర్ అయ్యారు. జూబ్లీహిల్స్‌లో ఆ యూనివర్సిటీ ముందు రోడ్డుకి ఆయన పేరే ఉంటుంది, ఎప్పుడైనా అటు వెళ్తే బోర్డు చూడండి.

ఇక్కడే ఒక తికమక ఉంది. అది దూరవిద్య. ఆన్‌లైన్ డిగ్రీ వేరు. మనం రెండింటినీ "ఇంట్లో కూర్చుని డిగ్రీ" అని ఒకే గాటన కట్టేస్తాం. దూరవిద్యలో పుస్తకాలు ఇస్తారు, స్టడీ సెంటర్ ఉంటుంది, ఆదివారం క్లాసులుంటాయి. ఆన్‌లైన్ అంటే పాఠం, అసైన్‌మెంటు, సందేహాలు, అన్నీ ఇంటర్నెట్లోనే. రెండింటికీ కలిపి 2020 సెప్టెంబరులో యూజీసీ, అంటే యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ, కొత్త నిబంధనలు తెచ్చింది. ఒక తేడా మీకు పనికొస్తుంది, రాసుకోండి: రాష్ట్ర యూనివర్సిటీలు దూరవిద్యని తమ రాష్ట్రం దాటి నడపకూడదు, ఆన్‌లైన్‌కి ఆ హద్దు లేదు. అందుకే ఎక్కడో రాజస్థాన్‌లోనో కర్ణాటకలోనో ఉన్న యూనివర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీని మీరు మీ ఊళ్లో కూర్చుని చదివితే తప్పులేదు. అదే యూనివర్సిటీ పేరు చెప్పి ఎవరైనా మీ ఊళ్లో "స్టడీ సెంటర్" బోర్డు పెడితే మాత్రం అనుమానించాలి. ఫ్రాంచైజీ ఇవ్వడం నిబంధనల్లోనే నిషిద్ధం.

ఇప్పుడు అనుమతి సంగతి. నిజానికి పరీక్ష కంటే ముందు చూడాల్సింది ఇదే, కానీ పది నిమిషాల పని కాబట్టి త్వరగా ముగించి అసలు దాంట్లోకి వద్దాం. యూజీసీలో డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అని ఉంది, డీఈబీ అంటారు. వాళ్ల వెబ్‌సైటు డెబ్ డాట్ యూజీసీ డాట్ ఏసీ డాట్ ఇన్. అందులో ఏ యూనివర్సిటీకి, ఏ సెషన్‌కి, ఏ కోర్సుకి, దూరవిద్యకా ఆన్‌లైన్‌కా అనుమతి ఉందో జాబితా ఉంటుంది. నాలుగూ కలవాలి. యూనివర్సిటీ పేరు కనబడగానే "ఉంది ఉంది" అని మూసేస్తారు మనవాళ్లు. బీకాంకి అనుమతి ఉండి బీబీఏకి లేకపోవచ్చు, దూరవిద్యకి ఉండి ఆన్‌లైన్‌కి లేకపోవచ్చు, నిరుడు ఉండి ఈ ఏడాది లేకపోవచ్చు. అడ్మిషన్లు ఏడాదికి రెండుసార్లు, జనవరి-ఫిబ్రవరి ఒకటి, జూలై-ఆగస్టు ఒకటి. మీరు చేరే సెషన్ కిందే చూసుకోండి.

2024 సెప్టెంబరు నుంచి ఇంకొకటి వచ్చింది, డీఈబీ ఐడీ. ముందు ఏబీసీ ఐడీ తీసుకోవాలి, అంటే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్, మీరు చదివిన చదువు లెక్క దాచే ఖాతా, దాంతో డీఈబీ ఐడీ చేసుకోవాలి, ఆ ఐడీ లేకుండా అడ్మిషన్ ఇవ్వకూడదు. ఇది మీ మంచికే. కానీ మన దగ్గర ఏమవుతోందంటే, కన్సల్టెన్సీవాడు "ఓటీపీ చెప్పండి సార్, మేమే చేసేస్తాం" అంటాడు, మనం చెప్పేస్తాం. ఆ పదిహేను నిమిషాలు మీరే కూర్చుని చేసుకోండి. వాడు చేస్తే వాడి దగ్గర ఉన్న యూనివర్సిటీలోనే పడతారు మీరు.

యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా పెడుతుంది. గుంటూరు, విశాఖపట్నం చిరునామాలతో కూడా అందులో పేర్లున్నాయి, కాబట్టి ఇదెక్కడో ఉత్తరాదిలో జరిగే భాగోతం అనుకోకండి.

ఈ అనుమతుల గోల మనకెందుకు, యూనివర్సిటీ చూసుకుంటుందిలే అని ఒకాయన నాతో అన్నాడు. ఎందుకో చెప్తాను. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు సరైన అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీలు ఇచ్చాయి. 2001 నుంచి 2005 దాకా చేరినవాళ్ల డిగ్రీలు నిలిపేసి, సాంకేతిక విద్యని చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ పెట్టే పరీక్ష పాసైతేనే మళ్లీ చెల్లుతాయన్నారు. ఆ తర్వాత చేరినవాళ్ల డిగ్రీలైతే రద్దే. ఒక్కసారి ఊహించుకోండి, డిగ్రీ చేతికొచ్చి పదేళ్లయింది, దానిమీద ఉద్యోగం, ప్రమోషన్, పెళ్లి కూడా అయ్యాయి, నలభై ఏళ్ల వయసులో మళ్లీ హాల్ టికెట్ పట్టుకుని కూర్చోవాలి. తప్పు చేసింది యూనివర్సిటీ, పరీక్ష రాసింది వాళ్లు.

మన గ్రూప్స్ నోటిఫికేషన్లు చదివేవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. అందులో అర్హతల దగ్గర ఒక పేరా ఉంటుంది, ఎవరూ చదవరు. దూరవిద్య డిగ్రీకి సంబంధిత సంస్థ గుర్తింపు ఉండాలి, ఉందని నిరూపించుకునే బాధ్యత అభ్యర్థిదే అని. యూనివర్సిటీది కాదు, కన్సల్టెన్సీది కాదు, మీది. అందుకే చేరిన రోజే ఆ డీఈబీ జాబితా పేజీని ప్రింటు తీసి, ఇంటర్ మెమో పెట్టే కవర్లోనే పెట్టేయండి. ఐదేళ్ల తర్వాత ఆ పేజీ వెబ్‌సైట్లో ఎక్కడుంటుందో వెతకడం కంటే అది సులువు.

(ఎవరో అడుగుతారు: "సార్, అనుమతి ఉంటే రెగ్యులర్ డిగ్రీతో సమానమేనా?") సమానమే. 2022 సెప్టెంబరులో యూజీసీ ఆ సంగతి మళ్లీ స్పష్టంగా చెప్పింది, గుర్తింపు ఉన్న సంస్థ నుంచి దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో వచ్చిన డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానం అని. కాగితం మీద సమానమే. ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చున్న మనిషి మనసులో సమానమా అంటే, అది అతని మనసు, యూజీసీ చేతిలో లేదు. అక్కడ మీకు పనికొచ్చేది మీకేం వచ్చు అన్నదే.

ఇప్పుడు పరీక్ష దగ్గరికి వద్దాం. దీనికి ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి, చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా అక్క కొడుకు ఇంటర్ అయ్యాక ఒక షోరూంలో పనికి కుదిరాడు. డిగ్రీ కూడా చేస్తున్నా మామయ్యా అన్నాడు, సంతోషం అన్నాను. కోచింగ్ సెంటర్ పైన రెండో అంతస్తులో ఒక కన్సల్టెన్సీ, వాళ్ల ద్వారా చేరాడు, యూనివర్సిటీ పేరు చెప్పాడు, నేనూ విన్న పేరే. అంతే, నేను ఇంకేం అడగలేదు. మూడేళ్లు అయ్యాయి, మెమోలు వచ్చాయి, ఫస్ట్ క్లాసు. స్వీట్లు కూడా తిన్నాం. తర్వాత ఒక మంచి కంపెనీలో ఉద్యోగం వచ్చింది, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయింది. వీడు చేరిన సెషన్‌కి ఆ యూనివర్సిటీకి వీడి కోర్సుకి అనుమతి లేదు. కన్సల్టెన్సీకి వెళ్తే అక్కడ ఇప్పుడు మొబైల్ రిపేర్ షాపు. ఆ రాత్రి వాణ్ని కూర్చోబెట్టి అడిగాను, "ఒరేయ్, పరీక్షలు ఎక్కడ రాశావురా?" అని. "పరీక్షలా మామయ్యా, ఆఫీసులోనే రాయించారు, పుస్తకం ముందు పెట్టి" అన్నాడు. మూడేళ్లు. ఆరు సెమిస్టర్లు. ఇన్విజిలేషన్ డ్యూటీల్లో ఎంతమంది పిల్లల జేబుల్లోంచి చిట్టీలు తీశానో నేను, మా ఇంట్లో పిల్లాణ్ని మాత్రం "పరీక్ష ఎలా రాశావురా" అని ఒక్కసారి అడగలేదు. మొదటి సెమిస్టర్లో అడిగి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

అందుకే అంటున్నాను, అన్నిటికంటే ముందు పరీక్ష గురించి అడగండని. పాఠాలు బాగా చెప్పని చోట కూడా మనిషి సొంతంగా చదువుకోగలడు. పరీక్ష సరిగ్గా పెట్టని చోట ఆ చదువుకి సాక్ష్యం ఉండదు. రేపు మీ మెమో చూసేవాడు నమ్మేది పాఠాన్ని కాదు, పరీక్షని.

నిబంధనల ప్రకారం ఇంటర్నల్స్‌కి 30 శాతానికి మించి మార్కులు ఉండకూడదు, సెమిస్టర్ చివరి పరీక్షకి కనీసం 70 శాతం ఉండాలి. ఆ పరీక్ష ఎవరో ఒకరు కనిపెడుతుండగా రాయాలి, సెంటర్‌కి వెళ్లి కంప్యూటర్ మీద కావచ్చు, ఇంట్లో కెమెరా ముందు కావచ్చు. సెంటర్లో రాసే పరీక్ష అంటే మీకు కష్టం, నిజమే, బస్సు ఎక్కాలి, సెలవు పెట్టాలి. కానీ డిగ్రీకి విలువ వచ్చేది ఆ కష్టంలోంచే. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2020లో ఆన్‌లైన్లో డేటా సైన్స్ డిగ్రీ మొదలుపెట్టారు, జేఈఈ అక్కర్లేదు, ఇంటర్ పాసై, పదిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. మొదట నాలుగు వారాలు పాఠాలు వింటారు, అసైన్‌మెంట్లు చేస్తారు, ఆ తర్వాత క్వాలిఫయర్ పరీక్ష, అది పాసైతేనే సీటు. పాఠాలన్నీ ఇంట్లోనే, క్విజ్‌లూ టర్మ్ చివరి పరీక్షలూ మాత్రం సెంటర్‌కి వెళ్లి రాయాల్సిందే. మధ్యలో ఆపేసినా చేసినంతవరకు ఫౌండేషన్ సర్టిఫికెట్ అనో, డిప్లొమా అనో, మూడేళ్ల డిగ్రీ అనో చేతిలో ఉంటుంది, పూర్తిగా చేస్తే నాలుగేళ్ల బీఎస్. ఆదాయం తక్కువున్న ఇళ్ల పిల్లలకి, రిజర్వేషన్ కేటగిరీల వాళ్లకి ఫీజులో 75 శాతం దాకా మినహాయింపు కూడా ఉంది. అందరూ అందులోనే చేరండి అనడం లేదు, అది అందరికీ కాదు, లెక్కలంటే భయపడేవాళ్లకి నాలుగో వారానికే తెలిసిపోతుంది. కానీ అక్కడికి వెళ్లి ఆ పద్ధతి ఒకసారి చదవండి, పరీక్ష ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని మార్కులకి, అన్నీ ముందే రాసి ఉంటాయి. మీరు చేరబోయే చోట కూడా అలా రాసి ఉందా అని పోల్చుకోవడానికి అది ఒక కొలబద్ద.

ఇంట్లో కెమెరా ముందు రాసే పరీక్ష అంటే ఇంకొన్ని అడగాలి. ఫోన్ మీద రాయనిస్తారా, ల్యాప్‌టాప్ తప్పనిసరా? మధ్యలో కరెంటు పోతే? మా ఊళ్లో మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కరెంటు ఉంటుందని ఎవరైనా హామీ ఇస్తే వాళ్లకి నేనే సన్మానం చేస్తాను. నెట్ పోతే మళ్లీ లోపలికి రానిస్తారా, ఎన్ని నిమిషాల్లోపు? గదిలోకి పిల్లవాడు వచ్చి "అమ్మా" అంటే మాల్‌ప్రాక్టీస్ కింద రాసేస్తారా? నవ్వకండి, ఒకే గది ఇల్లున్న ఆడవాళ్లకి ఇది పెద్ద టెన్షన్. సప్లీ రాయాలంటే సబ్జెక్టుకి ఎంత కట్టాలి, మళ్లీ ఎప్పుడు పెడతారు, కోర్సు పూర్తి చేయడానికి గడువు ఎన్నేళ్లు? ఇవన్నీ ఫోన్లో కాదు, ఈమెయిల్లో అడగండి. ఫోన్లో చెప్పిన మాట గాలికి పోతుంది, మెయిల్ ఉంటుంది.

"మా దగ్గర అందరూ పాసవుతారు సార్" అని ఎవరైనా అంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. ఇంకా "వన్ సిటింగ్ డిగ్రీ" అని గోడల మీద, ఆటోల వెనక కనబడుతుంటుంది కదా, మూడేళ్ల డిగ్రీ ఒకేసారి కూర్చుని రాసేయడం, పాత తేదీలతో మెమోలు. దాని గురించి ఎక్కువ మాట్లాడను. అది డిగ్రీ కాదు, కేసు.

చదువు చెప్పేది ఎవరు అన్నది తర్వాత. ప్రకటనలో యూనివర్సిటీ గేటు బొమ్మ ఉంటుంది, నాక్ ఏ ప్లస్ ప్లస్ అని ఉంటుంది, నాక్ అంటే యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే సంస్థ. 2020 నిబంధనల్లో ఆన్‌లైన్ కోర్సులు పెట్టాలంటే నాక్ స్కోరు 4కి 3.26 ఉండాలనో, కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మొదటి వందలో ఉండాలనో పెట్టారు, కాబట్టి గ్రేడుకి విలువ ఉంది. కానీ ఆ గ్రేడు మొత్తం యూనివర్సిటీది. పచ్చటి క్యాంపస్, లైబ్రరీ, ల్యాబులు, పీహెచ్‌డీలు చేసిన ప్రొఫెసర్లు, అన్నిటికీ కలిపి వచ్చింది. మీ ఫోన్లో మీకు పాఠం చెప్పేది ఆ ప్రొఫెసరేనా? అడగండి. ఒక పాఠం వీడియో చూపించమనండి, ఇంట్రో వీడియో కాదు, డ్రోన్ షాట్లూ మ్యూజిక్కూ ఉన్నది కాదు, రెండో సెమిస్టర్లో నలభై నిమిషాల పాఠం. చూపిస్తే పూర్తిగా చూడండి. నిద్రొస్తే మీ తప్పేమీ లేదు, మూడేళ్లూ అలాగే వస్తుంది. ఏ భాషలో చెప్తున్నారో కూడా చూడండి. ఆన్‌లైన్ డిగ్రీలు చాలావరకు ఇంగ్లిష్‌లోనే. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి సొంతంగా బీఏ చేయాలనుకునేవాళ్లకి, తెలుగు పుస్తకాలు, తెలుగులో పరీక్ష రాసే వీలున్న అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ దూరవిద్యే చాలాసార్లు మేలు, అది ఆన్‌లైన్ కాకపోయినా. పేరులో ఆన్‌లైన్ ఉంటే గొప్ప, పుస్తకం ఉంటే పాతకాలం అనుకోకండి.

ఇక టైము. ఫోన్లో "వీకెండ్ రెండు గంటలు చాలు సార్" అంటారు. లెక్క వేద్దాం, కామర్సు వాణ్ని కదా. మూడేళ్ల డిగ్రీ 120 క్రెడిట్లు. ఈ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే సుమారు 30 గంటల చదువు. 3,600 గంటలు. మూడేళ్లకి పంచితే ఏడాదికి 1,200, వారానికి 23. రోజుకి మూడు గంటల పైమాట. ఐఐటీ మద్రాస్ వాళ్లయితే ఒక్కో కోర్సుకి వారానికి పది గంటలు పెట్టాలని వాళ్లే రాస్తారు. వారానికి రెండు గంటల్లో అయిపోయే డిగ్రీ ఉందంటే, మా మేనల్లుడి డిగ్రీ లాంటిదే అయి ఉంటుంది. ఆ మూడు గంటలు మీ రోజులో ఎక్కడినుంచి వస్తాయో ఫీజు కట్టకముందే ఇంట్లో మాట్లాడుకోండి. ముఖ్యంగా ఆడవాళ్లు. "చదువుకో, నేనేమైనా వద్దన్నానా" అనే భర్తలు చాలామంది ఉన్నారు, ఆ గంటకి పొయ్యి దగ్గర ఎవరుంటారో మాత్రం చెప్పరు. (చప్పట్లు) చప్పట్లు కొట్టేవాళ్లంతా ఒకవైపే ఉన్నారు చూడండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. మొత్తం కోర్సు కొన్ని వేలల్లో అయిపోయేవీ ఉన్నాయి, లక్షల్లో ఉన్నవీ ఉన్నాయి, ఫీజుని బట్టి నాణ్యత చెప్పలేం. పరీక్ష ఫీజు, సప్లీ ఫీజు, ప్రొవిజనల్, కాన్వొకేషన్, అన్నీ కలిపి మొత్తం ఎంతో అడగండి. యూనివర్సిటీ ఖాతాలోకే కట్టండి, వ్యక్తి నంబరుకి ఫోన్‌పే చేయకండి. "నో కాస్ట్ ఈఎంఐ" అంటే అది ఫీజు వాయిదా అనుకుంటారు చాలామంది, కాదు, మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. డబ్బు మొదటిరోజే యూనివర్సిటీకి వెళ్లిపోతుంది. మీరు రెండో నెలలో చదువు మానేసినా ఈఎంఐ ఆగదు, ఆపితే సిబిల్ దెబ్బతింటుంది, రేపు బండి లోను అడిగితే ఈ డిగ్రీ అడ్డొస్తుంది. వీలైతే సెమిస్టర్‌కి సెమిస్టర్ కట్టండి. డిస్కౌంటు పోయినా పర్లేదు.

అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఉన్నారా? ఒక్క చెయ్యే ఎత్తారు, మన జిల్లాలో ఒక్కరేనా, నేను నమ్మను. ఎంఎస్‌కి అక్కడ చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి. పన్నెండుకి మూడు కలిపితే పదిహేను. కాబట్టి ఆ ఆలోచన ఉంటే నాలుగేళ్ల డిగ్రీ ఉందా అని ముందే చూసుకోండి. అలాగే "ఇంట్లో కూర్చుని విదేశీ డిగ్రీ" అని కొన్ని ఆన్‌లైన్ కంపెనీలు అమ్ముతున్నాయి. అనుమతి లేకుండా విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చే ఆ డిగ్రీలు చెల్లవని యూజీసీ 2023 చివర్లో హెచ్చరించింది.

ప్రశ్నలు అడగండి, టైముంది. ఆ, చెప్పమ్మా.

(ఒకావిడ: "సార్, నేను సైకాలజీ చేద్దామనుకుంటున్నాను, ఆన్‌లైన్లో. కౌన్సెలింగ్ చేయాలని.")

మంచి ప్రశ్న, మంచి టైములో అడిగారు. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్లో ఆపేశారమ్మా. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, ఫుడ్ అండ్ న్యూట్రిషన్, క్లినికల్ న్యూట్రిషన్ కూడా. ఆరోగ్య సంబంధ వృత్తుల చట్టం 2021లో వచ్చింది, దాని కిందకి వచ్చేవి ఇలా నేర్పకూడదన్నారు. బీఏలో మూడు సబ్జెక్టుల్లో సైకాలజీ ఒకటిగా ఉంటే ఆ ఒక్కటే తీసేస్తారు, మిగతావి ఉంటాయి. ఎవరైనా మీకు ఇప్పుడు సీటు ఇస్తామంటే, ఏ సెషన్‌కి అని అడగండి. ఇంజనీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా, ఫిజియోథెరపీ, ఇవైతే ఎప్పటినుంచో లేవు. మీకు నిజంగా ఆ పనే చేయాలని ఉంటే రెగ్యులర్‌గా చేసే దారి చూడండి, వయసు అడ్డమని నేను అనుకోను. మనుషుల మనసుతో పని కదమ్మా, ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలి అనడంలో న్యాయం ఉంది. మీకు కోపం రావచ్చు నామీద.

(ఒక కుర్రాడు: "సార్, నేను రెగ్యులర్ బీకాం సెకండియర్. దాంతోపాటు ఆన్‌లైన్ డిగ్రీ చేయొచ్చా?")

చేయొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి రెండు డిగ్రీలు ఒకేసారి చేసుకోవచ్చని యూజీసీ చెప్పింది, ఒకటి కాలేజీలో, ఒకటి ఆన్‌లైన్లోనో దూరవిద్యలోనో. కానీ ఇందాకటి లెక్క గుర్తుందా, వారానికి 23 గంటలు? దాన్ని రెండుతో గుణించు. నీకు ఇప్పుడు సప్లీలు ఎన్ని తమ్ముడూ? రెండా. ముందు అవి రాసెయ్, తర్వాత రా, మాట్లాడుకుందాం. (నవ్వులు)

(వెనకనుంచి ఒక పెద్దాయన: "మీ మేనల్లుడు ఇప్పుడు ఏం చేస్తున్నాడు సార్?")

అడుగుతారని తెలుసు. మళ్లీ మొదటినుంచి చదువుతున్నాడండి. ఈసారి వాడే డీఈబీ జాబితా చూసుకున్నాడు, ప్రింటు తీసి నాకు చూపించాడు కూడా, సంతకం పెట్టమన్నట్టు. పగలు అదే షోరూం. పోయిన నెల మొదటి సెమిస్టర్ రాశాడు, సెంటర్ నలభై కిలోమీటర్ల దూరం, మా అక్క టిఫిన్ కట్టించి పంపింది. సాయంత్రం ఫోన్ చేసి, "మామయ్యా, అకౌంట్స్ పేపర్ చాలా కష్టంగా ఇచ్చారు, పోయేలా ఉంది" అన్నాడు. అవునా అన్నాను. లోపల ఎంత సంతోషమేసిందో మీకు చెప్పలేను.

టీ వచ్చినట్టుంది. కప్పులు తక్కువున్నాయట, ముందు వరుసవాళ్లు కాస్త త్వరగా తాగి ఇచ్చేయండి.